మా అత్త చెలక మీద ఎవరికీ అధికారం లేదు

మా కాక ఒక ఆఫీసులో పనిచేసేవాడు. పని అంటే, ఒక బల్ల మీది ఫైలును ఇంకో బల్ల మీదికి పంపడం. కాక అంటే మా నాయన తమ్ముడు. మా ఇంట్లో మెట్రిక్ గట్టెక్కిన మొదటి మనిషి. హనుమకొండ సుబేదారిలో కిరాయి ఇల్లు. చొక్కా జేబుకు రెండు పెన్నులు పెట్టుకునేవాడు; ఒకటి రాయడానికి, రెండోది తాను రాయగలడని బజారుకు తెలియడానికి. నేనేమో ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటికొచ్చి, హనుమకొండలో కిరాయి సైకిళ్ళ దుకాణం పెట్టుకున్నవాణ్ణి. నన్ను చూస్తే ఆయనకు జాలీ సంతోషమూ ఒకేసారి కలిగేవి. అప్పుడాయన మొహం, రావలసిన తుమ్ము రాక ఆగిపోయినవాడి మొహంలా ఉండేది.

డెబ్బైల నడుమ ఆ మొహం మా అత్త చెలక వైపు తిరిగింది.

అత్త మా నాయనకూ కాకకూ అక్క. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కలిగిన ఒక్క బిడ్డ ఇంకా చంకలో ఉండగానే మామ జ్వరంతో పోతే, ఊరికి తిరిగొచ్చి తన చెలకలోనే గుడిసె వేసుకుంది. తన చెలక అని ఊరికే అనడం లేదు. అది మా నాయనమ్మకు ఆమె తల్లి పసుపు కుంకుమ కింద ఇచ్చిన మెట్ట భూమి. నాయనమ్మ దాన్ని అత్త పెళ్ళిలో, ఒడిబియ్యం పోసేటప్పుడు, నలుగురి ముందు నోటితో చెప్పి అత్తకు ఇచ్చింది. తల్లి నుంచి బిడ్డకు, ఆ బిడ్డ నుంచి ఆమె బిడ్డకు పోవలసిన భూమి. కాగితం లేదు. ఒడిలో పోసినదానికి కాగితం రాయించమంటే మా దిక్కు కన్నతల్లిని దొంగ అన్నట్టే లెక్క. పట్వారీ రాసే పహాణీలో, అంటే ఊరి భూముల లెక్కలో మాత్రం మా తాత పేరే పడుతూ వచ్చింది, ఎందుకంటే ఆ పట్వారీ కలానికి ఆడవాళ్ళ పేర్లు తిరిగేవి కావు.

అత్తకున్న ఆశ ఒక్కటే. తన బిడ్డ పెళ్ళిలో ఆ చెలకను అట్లాగే ఒడిలో పోసి పంపాలి. అంతకు మించి దేవుణ్ణి కూడా ఆమె ఏమీ అడిగినట్టు నాకు తెలియదు. ఆ బిడ్డ నాకు మరదలు వరస. అప్పటికే నాకు పెళ్ళయింది కాబట్టి ఆ వరసతో ఇక్కడ పనిలేదు.

మొదట్లో ఆ చెలకను మేకలు కూడా చిన్నచూపు చూసేవి. అత్త రాళ్ళేరింది, బావి తవ్వించింది, బావి కింద కొంత మడి చేసి వరి పెట్టింది, మిగిలినదాంట్లో కందులూ పెసలూ వేసింది. అన్నేళ్ళూ మా కాకకు ఆ భూమి ఉన్న సంగతే గుర్తు లేదు. పక్క నుంచి పక్కా రోడ్డు పడగానే గుర్తొచ్చింది. ఒక ఆదివారం, టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులతో దిగాడు. నేను అప్పుడు అక్కడే బావి గట్టు మీద ఉన్నాను.

"ఏం కొలుస్తాన్రు తమ్మీ?" అంది అత్త, కలుపు తీయడం ఆపకుండా.

"ఉమ్మడి ఆస్తి అక్కా ఇది. ఎవల వాటా ఎంతో తేల్చాలె గద. లా ప్రకారం."

"అమ్మ నాకిచ్చింది గదరా. నువ్వు ఆన్నే ఉంటివి. లడ్డు తినుకుంట చూస్తివి."

"అప్పుడు నాకేం తెల్వది."

"ఇప్పుడేం తెలిసింది?"

కాక పెన్నులు సర్దుకున్నాడు. "ఇప్పుడు చదువుకున్న గద."

అత్త లేచి వచ్చి, సాగదీసిన టేపు మీద కొడవలి ఆనించి ఒక్క గుంజు గుంజింది. టేపు రెండు ముక్కలైంది. "ఇగో, పంచిన. చెరో ముక్క పట్టుకొని పోండ్రి" అంది.

ఊళ్ళో పంచాయతీ పెట్టారు. పెద్దమనుషులు మా కాక తెప్పించిన చాయ్ తాగారు, అత్త ఉడికించి పెట్టిన పెసర గుడాలు తిన్నారు, మీ ఇంటి ముచ్చట మీరే చూసుకోండని లేచిపోయారు. మా నాయనను అడిగితే బీడీ వెలిగించాడు. మాట్లాడవలసిన ప్రతి చోటా ఆయన బీడీ వెలిగించేవాడు. ఆ లెక్కన ఆయన జీవితమంతా పొగలో గడిచింది. చివరికి ఊళ్ళో ఎవరో అత్తకు చెప్పారు, నువ్వే ముందు కేసు వేయి, భూమి నీదని కోర్టుతో అనిపించుకో అని. పట్నంలో ఉన్నవాణ్ణి, దుకాణం మూసినా దేశానికి నష్టం లేనివాణ్ణి కాబట్టి ఆమెను కోర్టుకు తిప్పే పని నా మీద పడింది.

నేను కుదిర్చిన వకీలు చాలా మంచి మనిషి. అంటే, ఎవరికీ ఏ హానీ చేయలేడు. ఎదుటి పక్షానికి కూడా. ఆయన దగ్గర ఒకే ఒక నల్లకోటు ఉండేది, దాని మోచేతులు తెల్లబడి ఉండేవి. మునసబు కోర్టులో కేసు వేశాడు. ఆ తర్వాత మేము వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాం.

కోర్టు వరండా గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. లోపల ఒక మనిషి పేర్లు పిలుస్తుంటాడు, తనకు ఇష్టం లేని పేర్లను గొంతులోనే మింగేస్తాడు. పిలిచినప్పుడు పలకకపోతే వాయిదా. పలికితే కూడా వాయిదా. జడ్జి సెలవు మీద ఉంటే వాయిదా, జడ్జి ఉంటే వకీలు ఇంకో కోర్టులో ఉన్నాడు కాబట్టి వాయిదా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి ఒక్క పనీ జరగకుండా ఇంత శ్రద్ధగా కాపలా కాయడం నేను ఇంకెక్కడా చూడలేదు. మా దుకాణంలో ఒక పంక్చరును ఇన్ని సార్లు రేపు రమ్మంటే సైకిల్ తల మీద పడుతుంది.

మధ్యాహ్నం అత్త సద్దిమూట విప్పేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఒక్కోసారి చింతచిగురు పప్పు. మొదటి వాయిదా నాడే చూశాను. కాక దూరంగా స్తంభానికి ఆనుకొని నిలబడి, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ రొట్టెల వైపు చూస్తున్నాడు.

"రా, కూసో. మీ ఆడామె ఏం పెట్టి పంపింది?" అంది అత్త.

"ఉప్మా."

"పొద్దటి ఉప్మా ఇప్పుడు తింటవా? నీకసలే కడుపు మంచిది కాదు. చేతులు కడుక్కున్నవా?"

కాక చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. తనను గుడిసెలోంచి వెళ్ళగొట్టడానికి వకీలును పెట్టుకున్న తమ్ముడికి ఆమె రొట్టె తుంచి పప్పు వేసింది. ఆయన ఏ మొహమాటమూ లేకుండా తిని, పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆ తర్వాత ప్రతి వాయిదాకూ ఇదే వరస. పదింటికి ప్రతివాది, ఒంటిగంటకు తమ్ముడు, రెండింటికి మళ్ళీ ప్రతివాది. సిగ్గు అనేది కడుపు నిండాక కలగవలసిన భావం అని ఎవరైనా రాసి ఉంటే మా కాక అది చదవలేదు.

వాయిదాల మధ్య మా మరదలు ఎదిగింది. కేసు వేసినప్పుడు బావి గట్టు మీద గచ్చకాయలు ఆడుకునే పిల్ల, అత్తను బోను ఎక్కించేనాటికి తల్లితో సమానంగా నాట్లు వేస్తోంది.

కాక తరఫు వకీలు బక్కగా, మర్యాదగా ఉండేవాడు. లావుగా కోపంగా ఉన్న వకీళ్ళతో భయం లేదు, అరిచి అలసిపోతారు. ఈయన నవ్వుతూ లేచాడు.

"అమ్మా, పంటంతా మీరే తింటారట. తమ్ముళ్ళ మొహం కూడా చూడరట."

అత్త బోను కర్ర పట్టుకొని ముందుకు వంగింది. "ఎవలన్నరు ఆ మాట?"

"ఊళ్ళో అనుకుంటున్నారు."

"అన్నోన్ని తోలుకరాండ్రి. పంట ఇల్లు చేరంగనె కొత్త వడ్ల బస్తా పెద్దతమ్ముని ఇంటికొకటి, ఇగో వీనింటికొకటి. అవి దింపినంకనే నా పొయ్యి మీద ఎసరు పెడత."

"ఏదో ఒక సంవత్సరం పంపి ఉంటారులెండి."

"ఒక సంవత్సరమా? ఒక్క పంట తప్పలె సారు. కరువుల సుత తప్పలె. నా కాడ లేకుంటె పక్క చేనోళ్ళ కాడ బదులు తెచ్చి పంపిన. ఊరంత అడుగుండ్రి."

ఇక్కడ మా వకీలు లేచి ఏదో ఒకటి అనాలి. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"అంటే, పంపకపోతే తప్పు అని మీ ఉద్దేశం."

"తప్పు కాదా మరి? ఆ భూమి తింటాన్నప్పుడు వాళ్ళకు పంపకుంటె నాకు ముద్ద దిగుతదా?"

"చాలమ్మా. చాలా సంతోషం," అన్నాడు ఆ బక్క వకీలు, అత్త కాళ్ళకు దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

అత్త బోను దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. "చూసినవా అల్లుడా, నోరు మూసుకున్నడు," అంది. ఆమె మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చాలా ఏళ్ళు చూడలేదు. పుట్టింటి భూమి తినే ఆడబిడ్డ మొదటి బస్తా అన్నదమ్ముల గుమ్మంలో దింపడం మా దిక్కు రివాజు. అది ఆడబిడ్డ గొప్ప. ఎవరి బిడ్డ ఎంత పంపిందని ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అట్లాంటి గొప్పను కోర్టులో, అంతమంది ముందు చెప్పుకునే అవకాశం వస్తే ఏ ఆడబిడ్డ తగ్గించి చెబుతుంది? అడిగితే ఇంకో రెండు బస్తాలు కలిపి చెప్పేది.

ఆ గొప్పను బక్క వకీలు ఒక్క మాటలో కట్టేశాడు. కౌలు. ఏటేటా పంటలో భాగం ఇస్తోంది కాబట్టి ఈమె యజమానురాలు కాదు, కౌలుదారు. కౌలుదారు తగాదాలు విచారించే అధికారం ఈ కోర్టుకు లేదు, చట్టప్రకారం అది తాసిల్దారు పని. కాబట్టి ఈ కేసు ఇక్కడ నడవదు. ఇది విన్న జడ్జి మొహం, పండుగ సెలవు ఒక రోజు ఎక్కువ దొరికిన బడిపిల్లవాడి మొహంలా విప్పారింది. అయినా ఆ ఒక్క సంగతి ఆలోచించడానికి ఆయనకు ఇంకో వేసవి పట్టింది. చివరికి చెప్పాడు: అధికారం లేదు.

ఆ సంగతి తెలుసుకోవడానికి అన్నేళ్ళు వరండాలో కూర్చున్నాం. అధికారం లేదని మొదటి రోజే తలుపు మీద రాసి పెడితే సద్దికి జొన్నలన్నా మిగిలేవి.

నేను ఆ మాట అత్తకు అర్థమయ్యేట్టు చెప్పాను. బస్టాండు దాకా నడిచాక అంది, "నా తమ్ముండ్ల పిల్లలు కొత్తబువ్వ తింటరని పంపితె, కౌలట." ఆ ఏడు ఆమె ఎవరికీ బస్తా పంపలేదు. దాంతో కాకకు ఇంకా మంచిదైంది. కౌలు ఇవ్వని కౌలుదారును తీసేయాలని తాసిల్దారుకు దరఖాస్తు పెట్టాడు. అసలు ఆయన కోరిక మొదటి నుంచీ అదే. కోర్టులో ఆయన పది మందిలో ఒకడు. తాసిలాఫీసులో అయితే గుమాస్తాలు ఆయనను అన్నా అని పిలుస్తారు, ఆయన వాళ్ళకు సిగరెట్లు ఇస్తాడు, బల్లలు చూస్తేనే ఆయనకు ప్రాణం లేచివస్తుంది.

మా వకీలు అత్తను కూర్చోబెట్టి ఒక ఉపాయం చెప్పాడు. ఆయన వృత్తిలో అది మొదటి ఉపాయం అనుకుంటా.

"అమ్మా, కౌలుదారునే అని ఒప్పుకోండి. బకాయి బస్తాలు ఇచ్చేయండి. ఇక మిమ్మల్ని అక్కడి నుంచి కదిలించడం ఎవరివల్లా కాదు. మీరు బతికున్నంతకాలం దున్నుకోవచ్చు."

"నేను సచ్చినంక?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"అప్పుడు నేను ఏడికెల్లి చూస్త సారు? నా బిడ్డ ఒడిల ఏం పొయ్యాలె? కౌలు పొయ్యాన్నా?"

వకీలు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒప్పుకుంటే గుడిసె నిలుస్తుంది, బిడ్డకు ఇచ్చే హక్కు పోతుంది. ఒప్పుకోకపోతే ఎటు పోయి ఏమవుతుందో ఆయనకూ తెలియదు. అత్త రాత్రంతా ఆలోచించుకుంటానని కూడా అనలేదు. ఒప్పుకోనంది.

తాసిల్దారు దగ్గర విచారణకు మా నాయన కూడా వచ్చాడు. కొత్త అగ్గిపెట్టె కొనుక్కొని మరీ వచ్చాడు. తాసిల్దారు పెద్ద పొట్ట మనిషి. ఆయన పక్షపాతి అని ఊళ్ళో కొందరు అనేవారు కానీ అది అన్యాయం. ఆయన ఎవరి పక్షమూ కాదు, భోజనం పక్షం. పన్నెండు దాటాక ఎవరు ఏం చెప్పినా ఆయన చూపు గడియారం మీదే ఉండేది.

"నువ్వు వీళ్ళ కౌలుదారువా?" అని అడిగాడు అత్తను.

"కాదు సారు. ఈ ఇంటి ఆడబిడ్డను."

బక్క వకీలు లేచాడు. "సార్, కుటుంబంలో మనిషి అయితే కౌలుదారు కాదు, నిజమే. కానీ ఈమె పెళ్ళయి వెళ్ళిపోయిన మనిషి. ఇంటిపేరు వేరు. వీళ్ళ కుటుంబానికి ఈమెకు ఏ సంబంధమూ లేదు."

తాసిల్దారు కాకను అడిగాడు. "ఏమంటవయ్యా? సంబంధం లేదా?"

కాక ఒకసారి నా వైపు, ఒకసారి పైకప్పు వైపు చూశాడు. "ఏం సంబంధం లేదు సార్," అన్నాడు. "భూమి దున్నుకుంటది. అంతే."

మా నాయన బీడీ వెలిగించబోతే బంట్రోతు బయటికి పొమ్మన్నాడు. తాసిల్దారు గడియారం చూసి, మిగతాది భోజనమయ్యాక అన్నాడు.

ఆఫీసు వెనక చింతచెట్టు ఉంది. అత్త ఆ నీడలో మూట విప్పింది. నాకు పెట్టింది, నాయనకు పెట్టింది. చెయ్యి ఆగలేదు, మూడో రొట్టె కూడా తీసి పక్కన పెట్టింది. కాక వస్తాడా అని నాకు అనుమానం. సంబంధం లేదని చెప్పి ఇంకా అరగంట కాలేదు. వచ్చాడు. చేతులు కడుక్కోకుండానే వచ్చాడు.

"పోయి కడుక్కొని రా," అంది అత్త.

"కడుక్కున్న అక్కా."

"ఏడ కడుక్కున్నవు? గోర్ల నిండ సిరా. చిన్నప్పటి సంది ఇదే అబద్ధం. లే."

కాక లేచాడు, కడుక్కున్నాడు, వచ్చి తిన్నాడు. ఆమె తిడుతూనే ఉంది. నడుము వంగిపోతున్నదని, మందు తాగడం లేదని, పిల్లల చదువు చూడటం లేదని. ఆయన తల వంచుకొని తింటున్నాడు. మామిడి తొక్కులో వేలు పెట్టాడని చేతి మీద ఒక్కటి వేసింది కూడా. అప్పుడు చెట్టు పక్క నుంచి తాసిల్దారు, పళ్ళలో పుల్ల పెట్టుకొని, తిన్నది అరగడానికి నడుస్తూ వచ్చాడు. ఆగాడు. పుల్ల తీశాడు.

"ఏమయ్యా, ఈమెకు నీకు సంబంధం లేదంటివి గద?"

కాక నోట్లో రొట్టె ఉంది. నమలలేదు, మింగలేదు.

"నా సర్వీసుల ఎందరో కౌలుదార్లను చూసిన. భూస్వామిని కొట్టి తొక్కు తినిపిచ్చే కౌలుదారును మాత్రం చూడలె."

మా నాయన అప్పుడు మాట్లాడాడు. నోట్లో బీడీ లేదు, చేతులకు పప్పు అంటింది, వెలిగించే వీలు లేదు. "మమ్ముల ఇద్దర్ని ఎత్తుకొని సాదింది సారు," అన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన సాక్ష్యం అంతే, అది కూడా చింతచెట్టు కింద, ఎవరూ రాసుకోని చోట.

తాసిల్దారుకు న్యాయం మీద ప్రేమ పుట్టిందని నేను అనను. తన బల్ల మీది నుంచి ఒక ఫైలు పోయే దారి దొరికిందని ఆయనకు సంతోషం కలిగింది. లోపలికి వెళ్ళి రాయించాడు: ఈమె వీళ్ళ కుటుంబ మనిషి, కౌలుదారు కాదు, కాబట్టి విచారించే అధికారం ఈ ఆఫీసుకు లేదు.

కోర్టుకు అధికారం లేదు, ఎందుకంటే ఆమె కౌలుదారు. తాసిల్దారుకు అధికారం లేదు, ఎందుకంటే ఆమె కౌలుదారు కాదు. ఇద్దరూ ముద్ర వేసి మరీ చెప్పారు. కాక పైవాళ్ళకు అప్పీలు పెట్టుకున్నాడు. ఈలోగా తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బీరువాలు బండ్లెక్కి కొత్త ఆఫీసులకు పోయాయి. ఆ అప్పీలు ఏ బీరువాలో ఏ ఊరు పోయిందో, ఏ చెదపురుగుకు దాని మీద అధికారం దక్కిందో, ఫైళ్ళు పంపడమే బతుకైన మా కాకకు కూడా జాడ దొరకలేదు. అత్త మాత్రం ప్రతి పంట కారుకూ దున్నింది.

ఆ రోజుల్లోనే మరదలికి తొర్రూరు దగ్గరి సంబంధం కుదిరింది. ఎద్దుల జత ఉంది, భూమి లేదు, కష్టపడే పిల్లవాడు. చెలక ఒడిలో పోస్తానని అత్త చెప్పింది, వాళ్ళు సంతోషించారు. ఈ మాట సుబేదారికి పాకింది. కాక పరుగెత్తుకొని మళ్ళీ పాత మునసబు కోర్టుకే పోయాడు, ఆ భూమి ఎవరికీ ఇవ్వకుండా స్టే కావాలని. జడ్జి కొత్తాయన. మా వకీలు లేచాడు. అదే కోటు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను, చూడలేక.

"సార్, ఈ భూమి సంగతిలో ఈ కోర్టుకు అధికారం లేదని వీళ్ళే వాదించి గెలిచారు," అన్నాడు మా వకీలు, పాత తీర్పు చదివి.

జడ్జి బక్క వకీలు వైపు చూశాడు. "అప్పుడు లేని అధికారం ఇప్పుడు మాకెక్కడిది? మీరు తెచ్చి ఇచ్చారా?"

"అప్పటి పరిస్థితులు వేరు సార్."

"భూమి అదే కదా?"

"అదే సార్."

"మనుషులు?"

బక్క వకీలు మొదటిసారి నవ్వలేదు. స్టే రాలేదు. బయటికి వచ్చాక కాక నా దుకాణానికి పోయే దారిలోనే నా వెంట నడిచాడు, నాతో మాట్లాడాలని కాదు, బస్టాండు అటే ఉంది కాబట్టి. "చదువుకోనోళ్ళకు చెప్పినా అర్థం కాదు," అన్నాడు గాలితో. ఔను కాకా అన్నాను. అర్థమైతే నేను కూడా రెండు పెన్నులు పెట్టుకునేవాణ్ణి గదా అన్నాను. ఆయన రెండు పెన్నులూ తడుముకొని బస్సెక్కాడు.

పెళ్ళికి పిలవడానికి అత్త తనే సుబేదారి పోయింది. నన్ను తోడు తీసుకెళ్ళింది. కాక లోపలి గదిలోంచి రాలేదు. అత్త చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, పెళ్ళి రోజు చెప్పి, లోపలికి వినపడేలా అంది, "మేనమామ లేకుంట పెండ్లెట్లయితది తమ్మీ. కన్యాదానం పెద్దోడు చేస్తడు. ఒడిబియ్యం మీ ఆడామె నువ్వు కలిసి పొయ్యాలె. నేను పోసే మనిషిని కాకపోతి."

దంపతులే పోయాలి, విధవ పోయరాదు, అది రివాజు. అందుకు ఎవరూ ఏమీ అనలేరు. మేనమామ రాకపోతే మాత్రం ఊరూ ఆఫీసూ చాలా అంటాయి. కాక అందుకే వచ్చాడు. బట్టలు తెచ్చాడు, మెట్టెలు తెచ్చాడు, ఎవరి మొహమూ చూడలేదు.

పెళ్ళయ్యాక, పిల్లను సాగనంపే ముందు, పీట మీద కూర్చోబెట్టారు. మరదలు కొంగు పట్టింది. పసుపు కలిపిన బియ్యం పళ్ళెంలో ఉంది. చిన్నమ్మ పోసింది. కాక పిడికిలి నిండా బియ్యం తీసుకొని ఒడి మీదికి చేయి చాపాడు. అప్పుడు పందిరి గుంజ దగ్గర నిలబడ్డ అత్త అంది, గొంతు ఏమీ పెంచకుండా:

"మా అమ్మ నాకిచ్చిన చెలక, బావితోని, నా బిడ్డకిస్తాన్న. అందరు ఇనుండ్రి."

కాక చేయి గాలిలో ఆగిపోయింది. పిడికిలి బిగిసే ఉంది. కింద కొంగు పట్టి మేనకోడలు చూస్తోంది. తొర్రూరు వాళ్ళు చూస్తున్నారు. ఆడవాళ్ళంతా చూస్తున్నారు. మేనమామ ఒడిలో బియ్యం పోయకుండా చేయి వెనక్కి తీసుకున్న పెళ్ళి మా దిక్కు ఎవరూ ఎరగరు. మా కాక చుట్టూ చూశాడు. అక్కడ గుమాస్తా లేడు, వకీలు లేడు, అప్పీలు పెట్టుకోవడానికి పై ఆఫీసు లేదు.

"పొయ్యి తమ్మీ," అంది అత్త. "పిల్ల చేతులు గుంజుతాన్నయి."

పిడికిలి తెరిచాడు. బియ్యం ఒడిలో పడ్డాయి. పోసి, రెండోసారి కూడా పోయాలని ఎవరో గుర్తు చేస్తే, రెండోసారి కూడా పోశాడు.

తొలకరి పడ్డాక నేను ఊరికి పోయాను. కొత్త పెళ్ళికొడుకు తన ఎద్దులతో చెలక దున్నుతున్నాడు. మరదలు వెనక విత్తనం వేస్తోంది. అత్త గట్టు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఆ చెలకలో ఆమె పని చేయకుండా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు మడతలు పెడుతోంది, విప్పుతోంది.

"అల్లుడా, చూడు," అంది నాతో మెల్లగా. "సాలు వంకర పోతాంది."

"చెప్పరాదే అత్తా."

"నేనెందుకు చెప్త? నా చేనా?" అని, గొంతు పెంచి బిడ్డను పిలిచింది. "పిల్లా, నీ చేన్ల సాలు వంకర పోతాంది. నీ మొగనికి నువ్వే చెప్పుకో."